ఒకే ఇసుక, పది శాఖలు: రుషికొండ తీరంలో ఎవరి పని ఎవరిది?

2025 మార్చి మొదట్లో విశాఖపట్నం రుషికొండ బీచ్‌లో బ్లూ ఫ్లాగ్ జెండా దించేశారు. శుభ్రత, భద్రత ప్రమాణాలు పాటించే తీరాలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. 2020 అక్టోబరులో దేశంలో తొలి విడతగా ఈ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో ఇదొకటి. ఫిర్యాదులు ఫోటోలతో సహా ఆ గుర్తింపు ఇచ్చే డెన్మార్క్‌లోని సంస్థకు చేరాయి. ఇసుకలో చెత్త, యథేచ్ఛగా తిరిగే కుక్కలు, పనిచేయని సీసీ కెమెరాలు, నిర్వహణ లేని సౌకర్యాలు. హడావిడిగా మరమ్మతులు జరిగాయి, జెండా మళ్లీ ఎగిరింది.

ఆ జాబితాను మరోసారి చూడండి. కుక్కలు నగరపాలక సంస్థ పరిధి. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు పర్యాటక శాఖ చూడాలి. కెమెరా బిగించేది ఒకరు, ఫుటేజీ చూసేది పోలీసులు, పాడైతే బాగుచేయించాల్సింది ఎవరో ఒప్పందంలో రాసి ఉంటే తప్ప తెలియదు. చెత్త ఊడ్చేది కాంట్రాక్టు కార్మికులు. ఊడ్చిన చెత్తను మోసుకుపోయే బండి ఇంకొకరిది. ఇన్ని చేతులున్న చోట ఏ ఒక్క చెయ్యి ఆగినా మొత్తం ఆగుతుంది, ఆగిన చెయ్యి ఏదో ఎవరికీ అంతుబట్టదు. తీర పర్యాటకంలో సమన్వయం అంటే సదస్సుల్లో పలికే పెద్దమాట అనుకుంటాం. నిజానికి అది బండి ఎన్నింటికి వస్తుంది, బల్బు ఎవరు మారుస్తారు, డబ్బు ఏ ఖాతాలోంచి వస్తుంది అన్నంత చిన్న లెక్క. ఈ చిన్న లెక్క రాసిపెట్టుకోని తీరం ఎంత అందమైనదైనా నాలుగైదేళ్లలో పాడవుతుంది.

ఇసుక మీద కనిపించని గీతలు

ఒడ్డున నిలబడితే మనకు కనిపించేది ఒకటే ఇసుక. చట్టానికి మాత్రం అక్కడ అరడజను హద్దులున్నాయి. పోటు నీరు ఎక్కే పైగీత నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా తీర నియంత్రణ మండలం. 1991లో మొదలైన ఈ నియమాలను 2011లో, మళ్లీ 2019లో తిరగరాశారు. 2019 నోటిఫికేషన్ ప్రకారం పల్లెప్రాంతాల్లో జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటితే పోటు గీత నుంచి 50 మీటర్లు, దాటకపోతే 200 మీటర్లు కొత్త కట్టడాలకు వీల్లేని మేర. పట్టణ ప్రాంతంలో ఇప్పటికే ఉన్న రోడ్డుకు నేల వైపునే కట్టుకోవాలి. పాకలు, మరుగుదొడ్లు, షవర్లు లాంటి తాత్కాలిక సౌకర్యాలు పోటు గీతకు కనీసం 10 మీటర్లు ఎడంగా ఉంటే ఇసుక మీద పెట్టుకోనిస్తారు. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లకు, ఇసుక దిబ్బలకు ఇంకా గట్టి రక్షణ ఉంది.

ఇదంతా చూసేది రాష్ట్ర తీర మండల నిర్వహణ సంస్థ. నీళ్లలోకి దిగితే 12 నాటికల్ మైళ్ల దాకా చేపల వేట 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్య చట్టం కింద మత్స్యశాఖ చేతిలో ఉంటుంది. గస్తీ మెరైన్ పోలీసులది. తాబేలు గుడ్డు అటవీశాఖది. నీటి నాణ్యత కొలిచేది కాలుష్య నియంత్రణ మండలి. రోడ్డు, దీపం, కాలువ నగరపాలక సంస్థవి. భూమి రికార్డు రెవెన్యూది. వీళ్లలో ఎవరూ అక్కడ నివసించరు. నివసించే మత్స్యకారులకు, రోజూ బండి పెట్టుకు బతికే చిరువ్యాపారులకు పై జాబితాలో కుర్చీ లేదు.

బ్లూ ఫ్లాగ్ గుర్తింపుకు బీచ్‌లకు 33 ప్రమాణాలున్నాయి: సమాచారం, నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, భద్రత అని నాలుగు వర్గాలు. చాలావరకు తప్పనిసరి. బీచ్ నిర్వహణ కమిటీ ఏర్పాటు మాత్రం చేస్తే మంచిదన్న మార్గదర్శకంగానే ఉంది. మిగతా ప్రమాణాలను ఏడాది పొడవునా నిలబెట్టేది ఆ కమిటీయే కాబట్టి, మన పరిస్థితుల్లో దాన్ని అన్నిటికంటే ముందు తప్పనిసరి చేయాలని మా అభిప్రాయం. తనిఖీ రోజు అన్నీ సరిగా ఉంచడం ఎవరికైనా సాధ్యమే. ఆగస్టు నెల మంగళవారం మధ్యాహ్నం కూడా అలాగే ఉండాలంటే ఎవరో ఒకరు బాధ్యులై ఉండాలి.

గెడ్డ నీళ్లు ఎవరివి?

సమన్వయం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే గెడ్డ వెంట నడవాలి. విశాఖలో కొండల మీంచి సముద్రంలోకి దిగే వాగులను గెడ్డలంటాం. ఒకప్పుడు వాననీళ్లు మోసినవి ఇప్పుడు నగరం పెరిగినకొద్దీ ఇళ్ల మురుగు కూడా మోస్తున్నాయి.

స్నానానికి పనికొచ్చే నీటికి బ్లూ ఫ్లాగ్ పెట్టిన హద్దు ఇది: 100 మిల్లీలీటర్లలో ఈ-కోలై బాక్టీరియా 250, ఎంటరోకోకై 100 మించకూడదు. రెండూ మనుషుల, జంతువుల పేగుల్లో ఉండే జీవులే. నీళ్లలో కనబడ్డాయంటే మురుగో మలమో కలిసిందని అర్థం. సీజన్‌లో కనీసం ఐదు నమూనాలు తీయాలి, ఒకదానికీ మరొకదానికీ మధ్య 31 రోజులు దాటకూడదు. నమూనాను జనం స్నానం చేసే చోటే, నీటి పైభాగానికి 30 సెంటీమీటర్ల కిందనుంచి తీస్తారు. గెడ్డ కలిసేచోటును వదిలేసి శుభ్రంగా కనిపించే మూల తీస్తే ఆ రిపోర్టు ఎందుకూ కొరగాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ప్రయోగశాలలో ఆ సూక్ష్మజీవులు పెరిగి లెక్కకు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే ఫలితం వచ్చేసరికి జనం ఆ నీళ్లలో మునిగి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. కాబట్టి ఫలితం కోసం చూడకుండా వానను బట్టి నిర్ణయం తీసుకోవాలి. పెద్ద వాన పడి గెడ్డ పొంగితే వాన వెలిశాక 48 గంటలు స్నానాలు వద్దని బోర్డు పెట్టాలి. ఆ బోర్డు పెట్టే అధికారం ఎవరిది? కాలుష్య మండలి నీళ్లు కొలుస్తుంది, బీచ్ మూయలేదు. పర్యాటక శాఖ మూయగలదు, ఆదాయం పోతుందని వెనకాడుతుంది. గెడ్డను ఆపగలిగిన నగరపాలక సంస్థకు బీచ్ టికెట్టుతో సంబంధం లేదు. ఈ ముగ్గురూ ముందే కూర్చుని, ఇన్ని మిల్లీమీటర్ల వాన పడితే ఫలానా వ్యక్తి ఎవరినీ అడగకుండా బోర్డు తిప్పేస్తాడు అని రాసుకోవాలి. వాన పడుతుండగా ఫోన్లు చేసుకుంటే పని జరగదు.

అసలు మందు మూలంలో ఉంది. గెడ్డ సముద్రంలో కలిసేముందు చిన్న అడ్డుకట్ట కట్టి, వాన లేని రోజుల్లో వచ్చే మురుగును పంపుతో భూగర్భ డ్రైనేజీ లైనులోకి మళ్లించి శుద్ధి కేంద్రానికి పంపాలి. కట్టడం కష్టం కాదు, నడపడమే కష్టం. కరెంటు పోతే పంపు ఆగి అరగంటలో మురుగు అడ్డుకట్ట దాటుతుంది. జనరేటరు పెట్టినా డీజిల్ ఖర్చు ఎవరిదో తేలదు. పంపు గొంతులో ప్లాస్టిక్ సంచులు ఇరుక్కుంటే రోజూ తీసే మనిషి కావాలి. జూన్‌లో తొలకరికి ముందే గెడ్డలో పూడిక తీయకపోతే ఏడాది చెత్తంతా మొదటి వానతో ఒక్కసారిగా ఇసుక మీదికొస్తుంది. హోటళ్ల సెప్టిక్ ట్యాంకులది ఇంకో కథ. ఇసుక నేలలో ట్యాంకు అడుగు సరిగా కట్టకపోతే మురుగు కంటికి కనబడకుండా సముద్రం వైపు ఊరిపోతుంది. ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చి ఎత్తుకెళ్లిందో రశీదులు చూపించమని కమిటీ అడిగితే చాలు, ఏ హోటలు ట్యాంకు కారుతోందో తెలిసిపోతుంది. వంద గదులున్న హోటలుకు ట్యాంకరు ఆరునెలలకోసారి కూడా రాలేదంటే ఆ మురుగు ఎటు పోతోందో వేరే చెప్పక్కర్లేదు.

ఇసుక విషయం క్లుప్తంగా. తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. విశాఖ ఓడరేవు కట్టడాలు ఆ దారికి అడ్డుపడి ఇసుకను దక్షిణాన నిలిపేస్తాయి, ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్ కోతకు గురవుతుంది. అందుకే పోర్టు తవ్వి తీసిన ఇసుకను పైపులతో అటు పోయిస్తారు. బీచ్ వెడల్పు పోర్టు డ్రెడ్జర్ల పని వేళల మీద ఆధారపడిన నగరంలో పోర్టు ప్రతినిధి లేకుండా బీచ్ సమావేశం పెడితే దానికి అర్థం లేదు.

వల లాగే చోటు

పర్యాటక ప్రణాళికల్లో మత్స్యకారులకు సాధారణంగా రెండు పాత్రలిస్తారు: ఫోటోలో అందంగా కనిపించే పడవ, లేదా తొలగించాల్సిన ఆక్రమణ. వాళ్లు అంతకంటే ముఖ్యం. ఆ ఇసుకను తరతరాలుగా వాడుకుంటున్నవాళ్లు, దాని స్వభావం తెలిసినవాళ్లు. వాళ్లకు ఇసుక అంటే పనిస్థలం. పడవ దించేందుకు వాలు కావాలి, వల ఆరబెట్టడానికీ బాగుచేసుకోవడానికీ జాగా కావాలి, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లకు చోటు కావాలి. అలివి వల వేసేవాళ్లకైతే ఒడ్డు వెంట వందల మీటర్లు ఖాళీగా ఉండాలి. వలను పడవతో లోపలికి తీసుకెళ్లి, చుట్టి, రెండు కొసల తాళ్లనూ ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. ఆ మధ్యలో ఎవరైనా ఈత కొడుతున్నా, జెట్ స్కీ వచ్చి తాడును కోసేసినా, ఆ రోజు కష్టమంతా పోయినట్టే.

దీనికి గోడ కట్టక్కర్లేదు. వేళలు పంచుకుంటే చాలు. తెల్లవారుజామున వల, పొద్దెక్కాక ఈత. జలక్రీడలకు బోయాలు, అంటే నీటిమీద తేలే గుర్తులు కట్టిన ఒక దారి, ఆ దారి ఎక్కడుండాలో పడవలు నడిపే సారంగుల్ని అడిగి గీసిన పటం. వల పడిన రోజు ఎర్ర గుడ్డ కట్టిన కర్ర ఒడ్డున పాతితే జలక్రీడల నిర్వాహకులు ఆ మేర బోట్లు తిప్పకూడదు. పటం గీసేటప్పుడు ఆఫీసర్లు ఎక్కువగా చేసే తప్పు పాటులో, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు కొలతలు తీయడం. అమావాస్య, పౌర్ణమి పోట్లలో ఆ ఇసుకలో సగం ఉండదు. మిగిలిన పదిహేను, ఇరవై మీటర్ల మీద పడవలు, కుర్చీలు, జనం అందరూ పోగవుతారు. గొడవలు ఆ రోజుల్లోనే మొదలవుతాయి.

కాలెండరూ ఇలాగే తగువు తెస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. సరిగ్గా వేసవి సెలవుల జనం వచ్చే రోజులే. బోట్లన్నీ ఒడ్డుకు చేరి ఉంటాయి, ఆదాయం ఉండదు, ఎదురుగా పర్యాటకుల డబ్బు ప్రవహిస్తుంటుంది. ఈ రెండు నెలల పార్కింగ్, లైఫ్‌గార్డ్, గైడు, తినుబండారాల పనుల్లో పక్క పాలెం కుటుంబాలకు మొదటి హక్కు ఇస్తామని టెండరు షరతుల్లోనే రాయాలి. టెండరు పూర్తయ్యాక బతిమాలితే కాంట్రాక్టరు వినడు. ఇటు జనవరి నుంచి మే దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి, పిల్లలయ్యే కాలం. కార్తీక మాసం సముద్ర స్నానాలకూ వనభోజనాలకూ, కనుమ నాటికి, మాఘ పౌర్ణమికి ఒక్కరోజులో వేలమంది వస్తారు. ఈ తేదీలు ఏటా ముందే తెలుసు. అయినా అదనపు చెత్తబండి కోసం ఉత్తరం ముందురోజు సాయంత్రం రాస్తున్నారు.

తాబేళ్ల దగ్గర పారిశుద్ధ్యానికీ అటవీశాఖకూ తెలియకుండానే తగువు పడుతుంది. ఇసుక జల్లించే యంత్రం తెల్లారకముందే బయల్దేరుతుంది, జనం లేరు కాబట్టి. గుడ్ల కాపలాదార్లు ఒడ్డు వెంట జాడలు వెతుకుతూ నడిచే వేళా అదే. యంత్రం ముందెళితే జాడలు చెరిగిపోతాయి, గుంట ఎక్కడుందో తెలియదు, ఆ బరువు కింద గుడ్లు చితికిపోతాయి. గుడ్లను పొదుగు కేంద్రానికి మార్చాలంటే పెట్టిన కొద్ది గంటల్లోనే, అటూ ఇటూ దొర్లించకుండా మార్చాలి. పరిష్కారానికి రూపాయి ఖర్చు లేదు: కాపలాదారు నడక పూర్తిచేసి ఫోన్ చేశాకే యంత్రం కదలాలి, ఆ ఐదు నెలలూ దిబ్బల దగ్గర చేత్తోనే ఏరాలి. తాబేలు పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చేది రాత్రి. వెలుతురు ఎటుంటే అటు వెళతాయి. హోటలు వాళ్లు తెల్లని ఫ్లడ్‌లైట్లు సముద్రం వైపు తిప్పితే అవి రోడ్డు మీదికి నడుస్తాయి. దీపానికి మూత బిగించి కిందికి వంచడం, సముద్రం వైపు వాటికి నారింజరంగు బల్బులు పెట్టడం ఒక ఎలక్ట్రీషియన్ సగం రోజు పని. సుందరీకరణ పేరుతో పీకేసే బాలబందితీగ ఇసుకను పట్టి ఉంచే మొక్క అని కూడా కాంట్రాక్టరుకు ఎవరో ఒకరు చెప్పాలి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచునూ అలాగే ఉంచమనే బ్లూ ఫ్లాగ్ ప్రమాణాలు చెబుతాయి. ప్లాస్టిక్‌తో పాటు దాన్నీ ఊడ్చేయడం శుభ్రత కాదు.

ఎర్ర జెండా ఎత్తేది ఎవరు?

విశాఖ తీరంలో ఈతకు దిగి మునిగిపోయేవాళ్లలో ఎక్కువమందిని లోపలికి లాగేది రిప్ కరెంటు. ఒడ్డును కొట్టిన నీళ్లు తిరిగి వెళ్లేందుకు ఇసుక తిన్నెల మధ్య సన్నని దారి చూసుకుని వేగంగా లోపలికి పోతాయి. పైకి చూస్తే ఆ చోట అలలు విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. కొత్తవాళ్లు అక్కడే భద్రమనుకుని దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ దారిలోంచి బయటపడాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, ప్రవాహాల సూచనలు రోజూ ఇస్తుంది. ఆ హెచ్చరిక టవరు మీదున్న లైఫ్‌గార్డు ఫోన్‌కి నేరుగా రావాలి. జిల్లా కార్యాలయంలో ఫైలెక్కి రావడానికి సమయం ఉండదు.

రిప్ దారి ఈ రోజు ఎక్కడుందో ఉపగ్రహం కంటే రోజూ పడవ దించే మత్స్యకారుడికే బాగా తెలుసు. ఒడిశాలోని పూరీ తీరంలో మత్స్యకారుల ఈ తెలివిని వాడుకోవడం ఎప్పటినుంచో నడుస్తోంది. అక్కడి పెంటకోటలో స్థిరపడ్డ నొళియాలు మన తీరం నుంచి వలస వెళ్లిన తెలుగు మత్స్యకారులే. యాత్రికులను చెయ్యిపట్టి అలల్లోకి తీసుకెళ్లి స్నానం చేయించేది వాళ్లే, మునిగేవాళ్లను కాపాడేదీ వాళ్లే. ఒడిశా ప్రభుత్వం వాళ్లను లైఫ్‌గార్డులుగా వాడుకుంటోంది. వాళ్ల నైపుణ్యానికి ప్రథమ చికిత్స, ఊపిరి అందించే పద్ధతుల శిక్షణ తోడైతే అంతకంటే మంచి రక్షకులు దొరకరు. మనవాళ్ల దగ్గర ఆ నైపుణ్యం ఉంది. జీతం నెలనెలా రావడం, బీమా ఉండడం, ఎర్ర జెండా ఎత్తే అధికారం ఉండడం మాత్రం చాలాచోట్ల లేవు. ఆ అధికారం టవరు మీద ఉన్న సీనియరు లైఫ్‌గార్డుదే కావాలి, ఎత్తాక దించమని ఏ అధికారీ ఒత్తిడి చేయకూడదు. మూడు నెలల జీతం బాకీ ఉన్న మనిషిని పొద్దున్నుంచి ఎండలో కళ్లార్పకుండా నీళ్లవైపు చూడమని ఎలా అడుగుతాం?

శాఖలు ఒకచోట కూర్చోవడం అసాధ్యం కాదని మన రాష్ట్రంలోనే రుజువుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది చనిపోయాక, బోటు కదిలే ప్రతిచోటా పర్యవేక్షణ ఉండాలని తొమ్మిది కంట్రోల్ రూములు తలపెట్టారు. తహసీల్దారు కింద జలవనరులు, పోలీసు, పర్యాటక సిబ్బంది కలిసి పనిచేసే పద్ధతి. ఆ తొమ్మిదిలో రుషికొండ కూడా ఉంది. అంతమంది పోకముందే ఆ పద్ధతి వచ్చి ఉండాల్సింది.

ఒప్పందంలో ఏం రాయాలి

కమిటీ అనగానే కలెక్టరు అధ్యక్షతన ఇరవైమంది అధికారులు, చివర్లో ఇతరులు అనే ఉత్తర్వు వస్తుంది. అది పనిచేయదు, అధికారులు బదిలీ అయితే దాని జ్ఞాపకమూ బదిలీ అవుతుంది. పదిహేను మంది చాలు, వారిలో కనీసం మూడోవంతు ఒడ్డున బతికేవాళ్లు: మత్స్యకార సొసైటీ, చేపలమ్మే ఆడవాళ్లు, బండ్లవాళ్లు, లైఫ్‌గార్డులు, పారిశుద్ధ్య కార్మికులు. వాళ్లు లేకపోతే కోరం లేదని నిబంధన ఉండాలి. సమావేశం నెలకోసారి, సాయంత్రం, పాలెంలోనే. పొద్దున పదింటికి నగరంలో పెడితే వేట నుంచి అప్పుడే వచ్చిన మనిషి చేపలు అమ్ముకుంటాడా, బస్సెక్కి వస్తాడా? నిర్ణయాలు తెలుగులో రాసి బీచ్ గేటు దగ్గర అతికించాలి.

రాసుకునే కాగితానికి ఐదు గళ్లు చాలు: పని, చేసే మనిషి, ఎన్ని గంటల్లోపు, డబ్బు ఎక్కడిది, చేయకపోతే ఎవరికి చెప్పాలి. మూడో గడిలో త్వరలో, వీలైనంత తొందరగా లాంటి మాటలు రాస్తే ఆ వరుస కొట్టేయాలి. మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే రెండు గంటలు, కెమెరా పాడైతే మూడు రోజులు, అలా అంకె ఉండాలి.

అన్నిటికంటే ఎక్కువ ఒప్పందాలు చెడేది నాలుగో గడి దగ్గర. పార్కింగ్ రుసుం ఒక సంస్థకు, జలక్రీడల వాటా మరో సంస్థకు పోతాయి. చెత్త, మురుగు, కుక్కల ఖర్చు ఇంకో సంస్థ మీద పడుతుంది. ఆదాయం లేనివాడు ఖర్చు ఎన్నాళ్లు భరిస్తాడు? బీచ్ పేరుమీద వేరే ఖాతా తెరిచి, అక్కడ పుట్టే ప్రతి రూపాయిలో రాసుకున్న వాటా ముందు అందులో పడి, దానిలోంచి మొదట జీతాలు, తర్వాత నిర్వహణ, ఆ తర్వాతే కొత్త కట్టడాలు అనే వరుస పెట్టాలి. ప్రారంభోత్సవాలకు డబ్బు దొరుకుతుంది, కుళాయి వాషరుకు దొరకదు. అందుకే ఈ వరుస ముందే రాయడం.

ఇక హద్దులు. రుషికొండలో బ్లూ ఫ్లాగ్ వర్తించేది సుమారు 600 మీటర్లకే. 601వ మీటరు దగ్గర ఊడ్చేవాడి బాధ్యత ఆగిపోతుంది, అలలు ఆగవు. కంచె లోపల ఏరిన చెత్త కంచె బయట పోగైతే నాలుగు రోజుల్లో గాలి, నీరు దాన్ని తిరిగి లోపలికే తెస్తాయి. జెండా ఉన్నవైపు నుంచి తరిమిన బండ్లు, కుక్కలు, మందు సీసాలు పక్క జాలరిపాలెం ఇసుక మీదికి చేరితే, ఆ ఊరు సమావేశానికి మనస్ఫూర్తిగా ఎందుకు వస్తుంది? కాబట్టి కమిటీ పటం ధ్రువపత్రం పటం కంటే పెద్దదిగా ఉండాలి: పై నుంచి గెడ్డ, పక్కన పాలెం, వల లాగే మేర, పడవలు దించే వాలు అన్నీ అందులోకి రావాలి. మొదటి సమావేశంలో చేయాల్సిన పని ఆ పటాన్ని పోటు రోజు, పాటు రోజు రెండుసార్లు అందరూ కలిసి నడిచి గీయడం.